ఆరు నెలల రాక: అమెరికా గడప దగ్గర తెలుగు తల్లిదండ్రులు

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిసి, వీసా అంటించిన పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజున చాలా ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: ‘పదేళ్ళకు ఇచ్చారు’. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, అందులో ఉన్నది సగం నిజమే. భారతీయ సందర్శకులకు ఇచ్చే బీ-1, బీ-2 వీసా సాధారణంగా పదేళ్ళ గడువుతో, ఎన్నిసార్లయినా ప్రయాణించే వీలుతో వస్తుంది. అయితే ఆ పదేళ్ళు అమెరికాలో ఉండగలిగే కాలం కాదు. అమెరికా విమానాశ్రయం దాకా వెళ్ళి లోపలికి రానివ్వమని అడగగలిగే కాలం మాత్రమే. అడిగిన ప్రతిసారీ రానివ్వాలా వద్దా, రానిస్తే ఎంతకాలం ఉండనివ్వాలి అన్నది తేల్చేది వీసా ఇచ్చిన కాన్సులర్ అధికారి కాదు. విమానం దిగాక ఎదురయ్యే కౌంటర్‌లో కూర్చున్న కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ అధికారి. వీసా మీది తేదీకీ ఈ అధికారి ఇచ్చే తేదీకీ మధ్య ఉన్న తేడా తెలియకపోవడం వల్లనే దీర్ఘకాలపు సందర్శనల్లో సగం చిక్కులు పుడతాయి.

పది రోజులు ఊళ్ళు చూసి తిరిగి వచ్చే పర్యాటకుడికి ఈ తేడాతో పెద్దగా పని పడదు. ఆరు నెలలు ఉండాలని వెళ్ళేవాళ్ళకే ఇది అసలు విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి అలా వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది అక్కడ స్థిరపడిన పిల్లల తల్లిదండ్రులు, వాళ్ళ ప్రయాణాలకు ఒక వరస ఉంటుంది. నెలలు నిండిన కూతురి దగ్గరకు ముందుగా తల్లి వెళ్తుంది, వీలుంటే తండ్రి కూడా వెళ్తాడు. వాళ్ళ గడువు ముగిసే వారానికి వియ్యాలవారు బయల్దేరుతారు. బిడ్డకు ఏడాది నిండేదాకా రెండు వైపుల పెద్దవాళ్ళూ వంతులవారీగా ఆ ఇంట్లో ఉంటారు. పురుడు పుట్టింట్లో పోయాలన్న ఆచారం తెలుగువాళ్ళలో ఇంకా బలంగానే ఉంది; కూతురు పుట్టింటికి రాలేని చోట పుట్టిల్లే కూతురి దగ్గరకు వెళ్తోంది.

ఇన్ని నెలల కుటుంబ జీవితాన్ని పర్యాటక వీసా మీద మోయవలసి రావడానికి కారణం అమెరికా వలస చట్టంలోనే ఉంది. తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు చేసే హక్కు 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులకు మాత్రమే ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు కూడా లేదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేసే భారతీయుడు పౌరసత్వం దాకా చేరాలంటే ముందు గ్రీన్‌కార్డు రావాలి. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులకు 1990 నాటి చట్టం పెట్టిన వార్షిక పరిమితి సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా దక్కేది 7 శాతం. ఆ వరసలో భారతీయుల నిరీక్షణ దశాబ్దాల్లోకి పోయింది. అందువల్ల పిల్లలు ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటూ, ఇల్లు కొని, పన్నులు కడుతున్నా, వాళ్ళ తల్లిదండ్రులకు మాత్రం సందర్శకుల ద్వారం ఒక్కటే తెరిచి ఉంటుంది.

ఇదే అవసరాన్ని మరికొన్ని దేశాలు వేరే విధంగా గుర్తించాయి. కెనడా 2011లో ‘సూపర్ వీసా’ తెచ్చింది. తమ పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులూ తాతలూ దాని మీద 2022 జూలై నుంచి ఒక్కో రాకలో ఐదేళ్ళ దాకా ఉండవచ్చు. అందుకు కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా చూపాలి, పిల్లల ఆదాయం నిర్ణీత మొత్తానికి తగ్గకూడదు. ఆస్ట్రేలియా 2019లో తల్లిదండ్రుల కోసం మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇచ్చే తాత్కాలిక వీసాను ప్రవేశపెట్టింది. ఆ దేశాల సరిహద్దు కౌంటర్ దగ్గర ‘ఇంతకాలం ఎందుకు?’ అన్న ప్రశ్నకు వీసాయే జవాబు చెబుతుంది. అమెరికాలో అటువంటి తరగతి లేనందువల్ల ఆ జవాబును అరవై దాటిన మనిషి, పద్దెనిమిది ఇరవై గంటల ప్రయాణం తర్వాత, తనకు అంతగా రాని భాషలో, నిలబడి చెప్పుకోవలసి వస్తోంది. లోపం ఆ కౌంటర్‌లో కూర్చున్న అధికారిది కాదు. చట్టం నిర్వచించకుండా వదిలేసిన ఒక అవసరాన్ని రెండు మూడు నిమిషాల్లో తూచే పని అతని మీద పడింది.

అతను తూచే పద్ధతికి చట్టపరమైన పునాది ఉంది. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, కొన్ని వీసాలవారిని మినహాయిస్తే, వచ్చే ప్రతి విదేశీయుడినీ స్థిరపడే ఉద్దేశంతో వచ్చినవాడిగానే మొదట భావించాలి. కాదని నిరూపించుకునే బాధ్యత వచ్చినవాడిదే. కాన్సులేట్‌లో వీసాలు తిరస్కరించేటప్పుడు చూపేది ఈ సెక్షన్నే కాబట్టి దాని పేరు తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. వీసా వచ్చాక ఆ అనుమానం తీరిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి అది తీరదు, విమానాశ్రయంలో మళ్ళీ మొదటి నుంచీ మొదలవుతుంది. హెచ్-1బీ మీద ఉన్న కొడుకు అమెరికాలో ఉండిపోవాలనుకుంటున్నానని బాహాటంగా చెప్పినా చట్టం తప్పు పట్టదు. అదే మాట అతన్ని చూడటానికి వచ్చిన తల్లి నోటి నుంచి వస్తే ఆమెను వెనక్కి పంపడానికి అది చాలు.

గడువు విషయంలో మాత్రం నియమం చాలామంది అనుకునేదాని కంటే ఉదారంగానే ఉంది. ప్రవేశానికి అర్హుడని తేలిన బీ-2 సందర్శకుడికి, అతను అంతకంటే తక్కువ అడిగినా సరే, మామూలుగా ఆరు నెలల గడువు ఇవ్వాలని నిబంధనలు చెబుతాయి. తక్కువ ఇవ్వడానికి ప్రత్యేక కారణం, పై అధికారి ఆమోదం ఉండాలి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఆ తేదీతోనే ఆపేయడం మామూలుగా కనిపించే సందర్భం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002 ఏప్రిల్‌లో, ఈ ఆరు నెలల కనీస గడువును తీసివేసి సందర్శన ఉద్దేశానికి తగినంత కాలమే ఇవ్వాలని, ఉద్దేశం స్పష్టంగా లేకపోతే 30 రోజులతో సరిపెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అది అమలులోకి రాలేదు. వచ్చి ఉంటే తెలుగు తల్లుల పురిటి ప్రయాణాలు ఈ రూపంలో ఉండేవే కావు.

కౌంటర్ దగ్గర జరిగే పని పైకి చాలా చిన్నది. అధికారి పాస్‌పోర్టు తీసుకుంటాడు, ఫోటో తీస్తాడు, అవసరమైతే వేలిముద్రలు సరిచూస్తాడు. విదేశీయుల వేలిముద్రలు, ఫోటోలు తీసుకునే ఏర్పాటు విమానాశ్రయాల్లో 2004 జనవరిలో మొదలైంది. 14 ఏళ్ళ లోపువారికీ 79 ఏళ్ళు దాటినవారికీ ఎంతోకాలంగా ఉన్న మినహాయింపును ఫోటో విషయంలో 2025 డిసెంబరు 26 నుంచి తీసివేశారు. ఇవి జరుగుతుండగానే నాలుగైదు ప్రశ్నలు వస్తాయి: ఎందుకు వచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, వాళ్ళేం చేస్తారు, ఎన్నాళ్ళు ఉంటారు, ఇంతకుముందు ఎప్పుడు వచ్చారు. చివరి ప్రశ్నకు జవాబు ముందున్న తెరమీద అప్పటికే కనిపిస్తూ ఉంటుంది. సమాచారం తెలుసుకోవడానికి అడిగే ప్రశ్నలు కావు ఇవి. చెప్పేదీ, కాగితాల్లో ఉన్నదీ, మనిషి వాలకమూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని చూడటానికి అడిగేవి.

సరిగ్గా ఇక్కడే మన కుటుంబాలు మంచి ఉద్దేశంతో ఒక పొరపాటు చేస్తున్నాయి. బయల్దేరడానికి వారం ముందు నుంచీ పిల్లలు ఫోన్‌లో జవాబులు వల్లె వేయిస్తారు. ‘ఆరు నెలలు అనవద్దు, మూడు నెలలు అను’, ‘పాప సంగతి ఎత్తవద్దు, ఊళ్ళు చూడటానికి వచ్చామని చెప్పు’ అంటారు. తల్లి చేతిలో ఉన్న తిరుగు టికెట్ మాత్రం ఐదు నెలల ఇరవై రోజుల తర్వాతిది. పెట్టెలో పసిపిల్ల బట్టలూ, బాలింత పథ్యానికి కావలసిన పొడులూ ఉంటాయి. అడిగిన ప్రశ్నకు కాక కంఠస్థం చేసిన ప్రశ్నకు జవాబు చెప్పే మనిషిని గుర్తుపట్టడం, రోజుకు కొన్ని వందలమందిని చూసే అధికారికి కష్టం కాదు. చట్టం కూడా ఈ తేడాను గట్టిగా పట్టించుకుంటుంది. ఆరు నెలలు ఉంటానని చెప్పడం నేరం కాదు, అనర్హత కాదు. కీలకమైన విషయంలో తెలిసీ అబద్ధం చెప్పి ప్రవేశం పొందాలని చూసినట్లు తేలితే మాత్రం, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప, జీవితాంతం అమెరికాలో అడుగుపెట్టకుండా చేసే నిబంధన ఉంది. అనర్హత కాని నిజాన్ని దాచడానికి, శాశ్వత అనర్హత తెచ్చే అబద్ధాన్ని ఆశ్రయించమని సొంత తల్లిదండ్రులకు నేర్పడం ఎంత ప్రమాదమో పిల్లలు ఆలోచించాలి.

అయితే నిజం చెప్పడంలోనూ మాట తీరు ముఖ్యం, అందులో ఒక భాషా సమస్య ఉంది. తెలుగులో ‘మనవరాలిని చూడటానికి వచ్చాం’ అనడానికీ ‘మనవరాలిని చూసుకోవడానికి వచ్చాం’ అనడానికీ మధ్య ఇంట్లో ఎవరూ తేడా పాటించరు. మన దృష్టిలో రెండూ ప్రేమే. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మొదటిది సందర్శన అవుతుంది, రెండోది పిల్లను పెంచే పనిగా వినిపించవచ్చు. బీ-2 మీద వచ్చినవారు పని చేయకూడదు. నాయనమ్మ మనవడిని ఎత్తుకోవడం, అమ్మ వంట చేయడం ఉద్యోగం కిందకు రావు. కానీ తల్లి ఉద్యోగానికి వెళ్ళడం కోసం, జీతం ఇచ్చి పెట్టుకోవలసిన ఆయా స్థానంలో ఈవిడ వచ్చింది అన్న అభిప్రాయం అధికారికి కలిగితే, ఆమె రాక ఉద్దేశమే ప్రశ్నార్థకమవుతుంది. ఈ రెంటి మధ్య గీత చట్టంలో అంత స్పష్టంగా లేదు. అందువల్ల పెద్దవాళ్ళకు జవాబులు నేర్పడం కంటే, తమ రాక సంగతి ఉన్నదున్నట్లు రెండు వాక్యాల్లో చెప్పుకోగలిగేలా చూడటం మేలు: కూతురికి పాప పుట్టింది, చూసి కొన్నాళ్ళు వాళ్ళతో గడపడానికి వచ్చాం; ఫలానా నెలలో తిరిగి వెళ్తాం, టికెట్ ఇదిగో.

ఆ రెండు వాక్యాలు ఇంగ్లీషులోనే చెప్పాలన్న నియమం లేదు. అవసరమైనప్పుడు ఫోన్ ద్వారా దుభాషిని కలిపే ఏర్పాటు సీబీపీకి ఉంది. ‘తెలుగు’ అన్న ఒక్క మాట స్పష్టంగా చెప్పి దుభాషిని అడగడం అమర్యాదా కాదు, అనుమానానికి కారణమూ కాదు. అర్థం కాని ప్రశ్నకు తల ఊపి ‘యెస్’ అనడమే అసలైన ప్రమాదం, ఎందుకంటే ఆ ‘యెస్’ వాంగ్మూలంగా రికార్డులోకి వెళ్తుంది. కోస్తా జిల్లాల నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామంది, నడవగలిగినా, వీల్‌చైర్ కోరుకోవడానికి కారణం కాళ్ళు కాదు, భాష. తోసుకెళ్ళే మనిషి దారి చూపిస్తాడు, సరైన వరసలో నిలబెడతాడు. కౌంటర్ దగ్గర మాత్రం అతను వారి తరఫున మాట్లాడేవాడు కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ నిమిషంలో కంగారు తగ్గుతుంది.

మొదటి కౌంటర్‌లో సందేహం తీరకపోతే ‘సెకండరీ’ అనే మరో గదికి పంపుతారు. అక్కడికి పంపారంటే తప్పు చేసినట్లు కాదు. పేరు మరొకరితో కలవడం వంటి చిన్న కారణానికి కూడా పంపుతారు, చాలామంది గంటా రెండు గంటల్లో బయటకు వస్తారు. కానీ అక్కడి పరిస్థితి వేరు. ప్రవేశం కోరుతున్న విదేశీయుడికి ఈ పరిశీలనలో న్యాయవాదిని పెట్టుకునే హక్కు సాధారణంగా ఉండదు. ఫోన్లు తెరిచి చూసే అధికారం సీబీపీకి ఉంది. 2018 జనవరి నాటి ఆదేశం ప్రకారం ఫోన్‌లో నిల్వ ఉన్న సమాచారాన్నే చూడాలి, నెట్‌వర్క్ ఆపేసి చూడాలి. కానీ కుటుంబ వాట్సాప్ గ్రూపు అంతా ఫోన్‌లో నిల్వ ఉండేదే. ‘అమ్మ వచ్చేస్తోంది కాబట్టి డేకేర్ మానిపించేశాం’ అన్న మామూలు సందేశం అక్కడ మరో అర్థంలో చదవబడుతుంది. పాస్‌వర్డ్ చెప్పనంటే ఫోన్‌ను అట్టేపెట్టుకోవచ్చు, ప్రవేశ నిర్ణయంలో ఆ నిరాకరణనూ లెక్కలోకి తీసుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా సందేహాలు రేకెత్తించేది రాకపోకల లెక్క. ఏడాదిలో 180 రోజులకు మించి ఉండకూడదన్న చట్టం ఉందని తెలుగువాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. బీ-2 వీసాకు అటువంటి చట్టం లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే అన్న కచ్చితమైన లెక్క యూరప్‌లోని షెంజెన్ దేశాలది. 2025 అక్టోబరు 12న అక్కడ మొదలైన ఎలక్ట్రానిక్ నమోదు వ్యవస్థ ఆ రోజులను తానే లెక్కిస్తుంది. అమెరికాలో ఉన్నది లెక్క కాదు, వివేచన. ఆరు నెలలు ఉండి, ఇండియాలో ఆరు వారాలు గడిపి, మళ్ళీ ఆరు నెలలకు వచ్చిన మనిషిని చూసి ‘ఈవిడ ఇల్లు ఏది?’ అని అధికారి అడగడం సహజం. ఇంటి పన్ను రసీదు, పెన్షన్ పుస్తకం, పొలం కౌలు కాగితం వంటివి ఆ సందర్భంలో కొంత ఉపయోగపడతాయి. కానీ ఎక్కువ బలం ఉన్నది రెండు రాకల మధ్య ఉంచే విరామానికే. బ్రిటన్ ఈ మాటను నిబంధనల్లోనే రాసుకుంది: వీసా ఎన్నేళ్ళదైనా ఒక్కో రాక ఆరు నెలలకు మించకూడదు, తరచుగా వచ్చిపోతూ ఆ దేశాన్నే నివాసంగా చేసుకోకూడదు. అమెరికా అలా రాయకుండా అధికారి విచక్షణకు వదిలింది. నిర్దిష్టమైన సంఖ్య ఉంటే కుటుంబాలు దానికి తగినట్లు ప్రయాణాలు సర్దుకునేవి; అది లేనందువల్ల ఒకరికి సాఫీగా సాగిన వరస మరొకరి విషయంలో అడ్డం తిరుగుతుంది, ఊళ్ళో మాత్రం మొదటివారి అనుభవమే అందరికీ సూత్రంగా ప్రచారమవుతుంది.

పౌరసత్వం వచ్చిన పిల్లలు తల్లిదండ్రుల కోసం గ్రీన్‌కార్డు దరఖాస్తు వేశాక, వాళ్ళు అదే పాత బీ-2 మీద ప్రయాణించడం మరింత సున్నితమైన విషయం. స్థిరపడే ఉద్దేశం ఉందని కుటుంబమే రాతపూర్వకంగా చెప్పిన తర్వాత, సందర్శనకే వచ్చామని కౌంటర్‌లో చెప్పడం కష్టం. ఈ దశలో న్యాయవాదిని అడగకుండా టికెట్ కొనకపోవడమే మంచిది.

ఏ దారిన వెళ్తున్నారన్నది కూడా గమనించదగినదే. హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా వెళ్ళేవారికి అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే పూర్తవుతుంది. 2014 జనవరి నుంచి అక్కడ సీబీపీ అధికారులే కూర్చుని పరిశీలన జరుపుతున్నారు. అక్కడ కాదంటే మనిషి అమెరికా విమానం ఎక్కడు, అబుదాబి నుంచే ఇంటికి తిరిగి వస్తాడు. మిగతా దారుల్లో అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే పరిశీలన జరుగుతుంది. డల్లాస్ వెళ్ళవలసిన వాళ్ళు షికాగోలో దిగితే ఇమిగ్రేషన్ షికాగోలోనే. అక్కడే పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించాలి. కాబట్టి రెండో విమానానికి మధ్య కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా చూడటం పెద్దవాళ్ళ విషయంలో తప్పనిసరి.

పెట్టెల పరిశీలన ఇమిగ్రేషన్‌కు సంబంధం లేనిదిగా కనిపిస్తుంది గానీ, రెండూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. తెలుగు పెట్టెల్లో తప్పక ఉండే కరివేపాకు అక్కడ నిషిద్ధం. నారింజ, నిమ్మ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. ఖాప్రా బీటిల్ అనే పురుగు భయంతో భారత్ నుంచి సొంత వాడకానికి తెచ్చుకునే బియ్యాన్ని 2011 నుంచి అనుమతించడం లేదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి వంటివి మాంసం ఉన్నందువల్ల చెల్లవు. మామిడికాయ ఆవకాయకు మామూలుగా ఇబ్బంది రాదు. ఏది పట్టుకెళ్ళినా, తినే వస్తువులు ఉన్నాయని ముందుగా చెప్పడమే ముఖ్యం: చెప్పినప్పుడు పోయేది ఆ వస్తువు మాత్రమే, చెప్పకపోతే జరిమానాతో పాటు రికార్డులో మచ్చ మిగులుతుంది. కుటుంబం మొత్తం మీద పదివేల డాలర్లకు మించి నగదు ఉంటే అదీ ప్రకటించాలి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవారు గసగసాలు అసలే పెట్టుకోకూడదు. మన వంటింటి దినుసు అక్కడ, ఎమిరేట్స్‌లో, మాదకద్రవ్యాల నేరం కిందకు వస్తుంది.

మందుల విషయంలో దీర్ఘకాలపు సందర్శకులకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సొంత వాడకానికి తెచ్చుకునే మందులు సాధారణంగా మూడు నెలలకు సరిపడా ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతుంది. గడువేమో ఆరు నెలలు. బీపీ, షుగర్ మందులు అసలు డబ్బాల్లోనే, డాక్టర్ ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీతో ఉండాలి. మిగతా మూడు నెలల ఏర్పాటు ఎలాగో బయల్దేరే ముందే పిల్లలు ఆలోచించుకోవాలి. ప్రయాణ బీమా చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా, ఆ వయసులో, ఆ దేశపు ఆసుపత్రి ఖర్చుల మధ్య, అది లేకుండా వెళ్ళడం పిల్లల సంపాదనను పణంగా పెట్టడమే.

ప్రవేశం దొరకని పక్షంలో జరిగేవి రెండు రకాలు, వాటి మధ్య తేడా చాలా పెద్దది. ఒకటి, ప్రవేశం కోరిన అభ్యర్థనను వెనక్కి తీసుకుని తిరిగి వెళ్ళడానికి అధికారి అనుమతించడం. ఇందులో వీసా రద్దు కావచ్చు గానీ, తర్వాత కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోకుండా నిషేధకాలం ఏదీ ఉండదు. రెండోది, 1996 చట్టం తెచ్చిన త్వరిత బహిష్కరణ ఉత్తర్వు. ఇది న్యాయమూర్తి ముందుకు వెళ్ళకుండానే అధికారి ఇచ్చే ఉత్తర్వు, మామూలుగా ఐదేళ్ళ నిషేధాన్ని వెంట తెస్తుంది. మొదటిది హక్కు కాదు, అధికారి ఇష్టపడితే ఇచ్చే వీలు. కానీ అడగవచ్చునని తెలిసి ఉండటం అవసరం, సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ తెలుగులో వివరించమని కోరడం అంతకంటే అవసరం. 2023 ఆగస్టులో ఒకే రోజున ఇరవైమందికి పైగా భారతీయ విద్యార్థులను, వారిలో పలువురు తెలుగు రాష్ట్రాలవారే, అమెరికా విమానాశ్రయాల నుంచి వెనక్కి పంపినప్పుడు, ఎందుకు పంపుతున్నారో తమకు సరిగా చెప్పలేదని వాళ్ళు వాపోయారు. ఇంగ్లీషులో చదువుకున్న యువకుల పరిస్థితే అలా ఉంటే, పెద్దవాళ్ళను ఒంటరిగా పంపేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో వేరే చెప్పనక్కరలేదు.

లోపలికి వెళ్ళాక చేయవలసిన మొదటి పని ఐ-94 అనే ప్రవేశ రికార్డు చూసుకోవడం. అధికారి ఇచ్చిన గడువు ఉండేది అందులోనే. 2013లో విమానాశ్రయాల్లో కాగితపు ఐ-94 ఆగిపోయింది, ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది; పాస్‌పోర్టు మీద స్టాంపు వేయడం కూడా తగ్గిపోతోంది. తెలుగువాళ్ళకు ఇక్కడ పేరుతో చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే చోట రాయించుకున్నవారికి అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు ఉండవలసిన చోట, మొదటి పేరు తెలియదు అన్న అర్థంలో, ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు కూడా అలాగే వెతకాలి. లేకపోతే రికార్డే లేదని భయపడవలసి వస్తుంది. తేదీలో పొరపాటు కనిపిస్తే సరిదిద్దడానికి సీబీపీ కార్యాలయాలు వేరుగా ఉన్నాయి, అక్కడికి వెంటనే వెళ్ళాలి.

ఆ తేదీ దాటితే పరిణామాలు త్వరత్వరగా పేరుకుంటాయి. ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చట్టప్రకారం చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటకు వస్తే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పదేళ్ళు తిరిగి రానివ్వరు. కాన్పు కష్టమైందనో, తండ్రికి అక్కడే గుండె ఆపరేషన్ జరిగిందనో నిజమైన కారణం ఉంటే, గడువు ముగియకముందే, వీలైతే 45 రోజుల ముందే, ఐ-539 అనే దరఖాస్తు ద్వారా పొడిగింపు కోరవచ్చు. ఒక్కోసారి ఆరు నెలల దాకా ఇస్తారు. నిర్ణయం రావడానికి చాలాసార్లు నెలలు పడుతుంది. కాదన్నారంటే వెంటనే బయల్దేరాలి, వీసా చెల్లుబాటు కూడా దెబ్బతినవచ్చు. పొడిగింపు మంజూరైనా అది తర్వాతి రాకలో తెర మీద కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, కేవలం వియ్యాలవారి టికెట్ కుదరలేదన్న కారణానికి దాన్ని వాడుకోకపోవడం మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు అమెరికాలో ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు, బయటకు వెళ్ళిన ముద్ర పడదు. విమాన సంస్థ పంపే ప్రయాణికుల జాబితా, ఇప్పుడు విస్తరిస్తున్న ముఖ గుర్తింపు కెమెరాలు, ఇవే నిష్క్రమణకు రుజువు. జాబితాలో పేరు తప్పుగా చేరితే మనిషి ఇంకా అక్కడే ఉన్నట్లు రికార్డు నిలిచిపోవచ్చు. అందుకే బోర్డింగ్ పాసులను, శంషాబాద్‌లో పడిన రాక ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ నకలును, తర్వాతి ప్రయాణం దాకా దాచిపెట్టాలి. మళ్ళీ మనవడి పుట్టినరోజుకు బయల్దేరినప్పుడు అధికారి మొదట చూసేది, పోయినసారి ఇచ్చిన గడువుకు ఎన్ని రోజుల ముందు తిరిగి వెళ్ళారన్నదే.